ఫ్రిస్కో నుంచి ఎడిసన్ దాకా: అమెరికా శివారు పట్టణాల్లో నెల బడ్జెట్ ఎక్కడ తప్పుతోంది

అమెరికాలో ఉద్యోగం మారి డాలస్ ఉత్తరాన ఫ్రిస్కోకో, న్యూజెర్సీలో ఎడిసన్‌కో, షికాగో పక్కన నేపర్‌విల్‌కో వెళ్లాలనుకునే కుటుంబాలు ముందుగా చేసే పని ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో రెండు ఊళ్ల పేర్లు కొట్టి జీవన వ్యయం పోల్చుకోవడం. వచ్చిన అంకెను కొత్త జీతం పక్కన పెడితే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి తేడా కొడుతుంది. కిరాణా, గ్యాస్, కరెంటు బిల్లులు అనుకున్నట్టే వస్తుంటాయి, చేతిలో మాత్రం అనుకున్నంత మిగలదు.

క్లుప్తంగా

సంపన్న శివారు పట్టణంలో సరుకుల ధరలు పక్క ఊరి ధరలకు దగ్గరగానే ఉంటాయి. తేడా అంతా స్థలంలో, స్థలం మీద పడే పన్నులో, బీమాలో, మనుషులతో చేయించుకోవాల్సిన పనుల్లో ఉంటుంది. బడి పేరు ఇంటి ధరను పెంచుతుంది, ఇంటి ధర పన్నును పెంచుతుంది. వీటిలో చాలా ఖర్చులు జీతం ఆగిపోయినా ఆగవు. కాలిక్యులేటర్లు తక్కువగా చూపేది కూడా వీటినే.

సూచీలు ఏం కొలుస్తాయి, ఏం వదిలేస్తాయి

నగరాల మధ్య పోలికకు ఎక్కువగా వాడే సూచీల్లో ఒకటి సీ2ఈఆర్ అనే సంస్థది. అందులో రాష్ట్ర, స్థానిక పన్నులు కలవవు. వాణిజ్య శాఖ కింద పనిచేసే బీఈఏ ఇచ్చే ప్రాంతీయ ధరల అంకెలు మెట్రో స్థాయి దగ్గరే ఆగిపోతాయి. ఫ్రిస్కో అయినా, దక్షిణ డాలస్ అయినా, ఫోర్ట్‌వర్త్ అయినా వాటికి ఒకే అంకె. శివారుకూ నగరానికీ మధ్య ఉన్న అసలు తేడా ఆ సగటులో కలిసిపోతుంది.

‘బాగా డబ్బున్న ఊరు కాబట్టి అక్కడ కొట్లలో అన్నీ ఖరీదే’ అన్న అభిప్రాయం కూడా పెద్దగా నిలవదు. ఆర్థికవేత్తలు స్టెఫానో డెల్లావిన్యా, మాథ్యూ జెంట్జ్‌కో 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అమెరికాలోని ఆహార, మందుల గొలుసు దుకాణాల్లో ఎక్కువ భాగం తమ శాఖలన్నింటిలో దాదాపు ఒకే ధర పెడతాయి. చుట్టుపక్కల వాళ్ల ఆదాయాన్ని బట్టి పాల డబ్బా ధర మారడం తక్కువ. కొనే బ్రాండు మారుతుంది, వెళ్లే కొట్టు మారుతుంది. అది అలవాటు తెచ్చే ఖర్చు, ఊరు వేసే ఖర్చు కాదు.

స్థలం ధరలో కలిసిన బడి

అమెరికాలో ప్రభుత్వ బడికి డబ్బు పెద్ద భాగం స్థానిక ప్రాపర్టీ ట్యాక్స్ నుంచి వస్తుంది. ఇలా ఊరూరికీ నిధులు వేరుగా ఉండటం రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు 1973లో శాన్ ఆంటోనియో స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ రోడ్రిగ్జ్ కేసులో 5–4 తేడాతో తోసిపుచ్చింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు తమ కోర్టుల ద్వారా, చట్టాల ద్వారా ఈ తేడాను కొంత తగ్గించాయి. కానీ పిల్లవాడు ఏ బడికి వెళ్లాలో చాలావరకు ఇంటి చిరునామానే తేలుస్తుంది. మంచి ప్రభుత్వ బడికి ఫీజు ఉండదు, ఆ ఫీజు ఇంటి ధరలో చేరి ఉంటుంది.

ఇది ఎంతన్నది ఆర్థికవేత్త శాండ్రా బ్లాక్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో లెక్క తేలింది. బోస్టన్ శివార్లలో బడి హద్దు గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను ఆమె పోల్చారు. ఊరు అదే, పన్ను రేటు అదే, వీధి కూడా దాదాపు అదే. మారేది ఎలిమెంటరీ స్కూల్ మాత్రమే. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న బడి వైపు ఇంటికి కొనేవాళ్లు సుమారు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేలింది. పిల్లలు లేనివాళ్లు, పిల్లలు కాలేజీకి వెళ్లిపోయినవాళ్లు కూడా ఇల్లు కొనేటప్పుడు ఈ అదనం కట్టాల్సిందే. అమ్మే రోజుకు ఆ బడి పేరు అలాగే ఉంటేనే అది తిరిగి వస్తుంది.

కొనాలనుకునేవాళ్లు పెరిగితే ఇళ్లూ పెరగాలి కదా అన్నది సహజమైన ప్రశ్న. జోనింగ్ అందుకు అడ్డుపడుతుంది. ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో 1926లో సుప్రీంకోర్టు జోనింగ్‌ను సమర్థించాక, ఏ స్థలంలో ఏం కట్టాలో నిర్ణయించే అధికారం ఊళ్ల చేతిలో స్థిరపడింది. శివారు పట్టణాలు ఎక్కువ స్థలాన్ని ఒకే కుటుంబం ఉండే విడి ఇళ్లకే కేటాయించాయి. చాలా చోట్ల ప్లాటుకు కనీస విస్తీర్ణం కూడా పెట్టాయి.

ఈ కనీస విస్తీర్ణం అన్నది చిన్న నిబంధనలా కనిపించి పెద్ద పని చేస్తుంది. ఎకరం స్థలం 6 లక్షల డాలర్లు అనుకుందాం. ఎకరానికి నాలుగు ఇళ్లు కట్టనిస్తే ఒక్కో ఇంటి మీద పడే స్థలం ఖర్చు 1.5 లక్షలు. ఒక్కటే కట్టాలంటే మొత్తం 6 లక్షలూ ఆ ఒక్క ఇంటి మీదే. అంత ఖరీదైన ప్లాటులో బిల్డర్ చిన్న ఇల్లు కట్టడు, పెద్ద ఇల్లు కట్టి పెద్ద ధరకే అమ్ముతాడు. ఎవరినీ రావద్దని రాయకుండానే ఎంత ఆదాయం ఉన్నవాళ్లు రాగలరో ఆ నిబంధనే తేల్చేస్తుంది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లో మౌంట్ లారెల్ కేసులో ఇలాంటి జోనింగ్‌ను తప్పుబట్టి, తక్కువ, మధ్య తరగతి ఆదాయాల వారికీ ఇళ్లు కట్టే వీలు ఊళ్లు కల్పించాలని చెప్పింది. ఆ వాటా ఎంతన్న తగాదా యాభై ఏళ్లుగా సాగుతూనే ఉంది.

ప్రాపర్టీ ట్యాక్స్: రాష్ట్రానికో తీరు

‘టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి అక్కడ మిగులుతుంది’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. 7.5 లక్షల డాలర్ల ఇల్లు, ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం ఉన్న దంపతులు అనుకుని లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. టెక్సస్ శివారులో సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ డిస్ట్రిక్ట్ రేట్లు కలిపి 2 శాతం అయితే పన్ను 15,000 డాలర్లు. సొంతంగా ఉండే ఇంటికి స్కూల్ పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు 2025లో 1.4 లక్షలకు పెరిగింది. స్కూల్ రేటు 100 డాలర్లకు 1 డాలరు అనుకుంటే దానివల్ల తగ్గేది 1,400 డాలర్లు. కట్టాల్సింది 13,600.

అదే ఇల్లు వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉంటే 2025 కౌంటీ రేటు 100 డాలర్లకు 80.5 సెంట్లు, అంటే సుమారు 6,040 డాలర్లు. అక్కడ రేటు ఇంత తక్కువగా ఉండటానికి ప్రధాన కారణం డేటా సెంటర్లు. వాటిలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్ను ఇళ్ల మీద భారాన్ని తగ్గిస్తోంది. కాని వర్జీనియా స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఆ దంపతులకు సుమారు 10 వేల డాలర్లు అవుతుంది, కార్ల మీద ఏటా పన్ను వేరే. టెక్సస్ మొత్తం ఇంకా కొంత తక్కువే అయినా, ‘ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా’ అన్నప్పుడు ఊహించినంత తేడా మిగలదు.

మొత్తాల కన్నా ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. ఉద్యోగం పోతే ఇన్‌కమ్ ట్యాక్స్ దానంతట అదే తగ్గిపోతుంది. ప్రాపర్టీ ట్యాక్స్ ఆదాయం వైపు చూడదు, ఇంటి విలువ వైపే చూస్తుంది. ఒక్క జీతం మీద నడిచే కుటుంబానికి ఈ తేడా వెయ్యి, రెండు వేల డాలర్ల లెక్క కన్నా పెద్దది.

న్యూజెర్సీలో రెండు పన్నులూ ఉన్నాయి. రాష్ట్రంలో ఇంటికి సగటు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు 2024లో 10 వేల డాలర్లు దాటింది. ఏటా 2 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఉన్నా, అది ఊరు వసూలు చేసే మొత్తానికే గానీ ఒక్కో ఇంటి బిల్లుకు కాదు. ఊరంతా రీవాల్యుయేషన్ (ఇళ్ల విలువలు మళ్లీ కట్టడం) జరిగినప్పుడు విలువ ఎక్కువగా పెరిగిన ఇంటి బిల్లు ఒక్కసారిగా ఎగరవచ్చు, పక్కింటిది తగ్గవచ్చు.

కాలిఫోర్నియాది ఇంకో దారి. 1978 నాటి ప్రపొజిషన్ 13 ప్రకారం మూల పన్ను 1 శాతం, పన్ను వేసే విలువ ఏటా గరిష్ఠంగా 2 శాతమే పెరగాలి, ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొత్త ధరకు మారుతుంది. 1990లో 3 లక్షలకు కొన్న ఇంటి మీద 2025లో పన్ను వేసే విలువ 6 లక్షలకు మించదు. పక్కనే అలాంటి ఇంటిని 25 లక్షలకు కొన్నవారికి మూల పన్నే 25,000 డాలర్లు, ముందాయనకు 6,000. ఇద్దరికీ బడి ఒకటే, రోడ్డు ఒకటే. పాతవాళ్లు ఇల్లు వదలకపోవడానికి ఇదో కారణం, అమ్మకానికి ఇళ్లు తక్కువ కావడానికీ ఇదే కారణం.

పన్ను తక్కువున్న ఊరు వెతికి లాభపడటం కూడా అనుకున్నంత తేలిక కాదు. ఆర్థికవేత్త వాలెస్ ఓట్స్ 1969లో ఉత్తర న్యూజెర్సీ ఊళ్ల మీద చేసిన అధ్యయనం చూపించింది ఇదే: పన్ను తేడా ఇంటి ధరలోకి చేరిపోతుంది. ఏడాదికి 3,000 డాలర్ల పన్ను తక్కువ అంటే, 6 శాతం వడ్డీ లెక్కన ఆ ఇంటికి 50,000 డాలర్లు ఎక్కువ ఇచ్చినా కొనేవాడికి తేడా ఉండదు. ఆ లాభం చాలావరకు అమ్మినవాడి జేబులోకి ముందే వెళ్లిపోయి ఉంటుంది.

ఫెడరల్ పన్నులో దీనికి కొంత ఊరట ఉంది. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు మీద 2018 నుంచి ఉన్న 10,000 డాలర్ల పరిమితి 2025లో 40,000కు పెరిగింది. 5 లక్షల డాలర్లు దాటిన ఆదాయాలకు ఇది క్రమంగా తగ్గుతుంది, 2030లో మళ్లీ 10,000కు వస్తుంది. ఐటమైజ్ చేసేవారికే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ బదులు మినహాయింపులను విడివిడిగా చూపేవారికే దీనివల్ల ఉపయోగం.

కొత్త ఇంట్లో రెండో ఏడాది షాక్

కొత్త కాలనీల్లో ఇల్లు కొన్నవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎస్క్రో లెక్క, అంటే పన్ను, బీమా కట్టడానికి లెండర్ (అప్పిచ్చిన సంస్థ) నెల వాయిదాతో కలిపి వసూలు చేసి ఉంచే డబ్బు లెక్క. టెక్సస్‌లో ఇంటి విలువను జనవరి 1 నాటి స్థితిని బట్టి కడతారు. ఆ రోజుకు పునాది కూడా పడకపోతే ఆ ఏడాది పన్ను ఖాళీ ప్లాటు మీదే. జూన్‌లో క్లోజింగ్ (కొనుగోలు పూర్తయి ఇల్లు పేరు మారడం) అయితే, లెండర్ ఆ చిన్న బిల్లునే పట్టుకుని నెలవారీ ఎస్క్రో లెక్కగట్టే ప్రమాదం ఉంది.

ప్లాటు విలువ 1.5 లక్షలు, రేటు 2 శాతం అనుకుంటే ఏడాదికి 3,000, నెలకు 250 డాలర్లు. తర్వాతి జనవరి 1కి 7.5 లక్షల ఇల్లు లేచి ఉంటుంది. మినహాయింపులు పక్కన పెడితే బిల్లు 15,000. ఖాతాలో ఉన్నది 3,000, లోటు 12,000. లెండర్ ఏడాదికోసారి చేసే ఎస్క్రో విశ్లేషణలో ఇది బయటపడుతుంది. ఇకపై నెలకు 1,250 కట్టాలి, పాత లోటును 12 నెలలకు పంచితే ఇంకో 1,000. అంటే 250 కట్టే చోట 2,250. ఫెడరల్ నిబంధనలు అనుమతించే రెండు నెలల అదనపు నిల్వ కూడా లెండర్ అడగవచ్చు. ‘ఫిక్స్‌డ్ రేటు తీసుకున్నాం, పేమెంట్ ఎలా మారింది?’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే: అసలు, వడ్డీ మారలేదు, పన్ను భాగం మారింది.

దీనికి విరుగుడు తేలికే. క్లోజింగ్ సమయంలోనే పూర్తయిన ఇంటి ధర మీద పన్ను లెక్కగట్టి ఎస్క్రో పెట్టమని లెండర్‌ను అడగాలి. కుదరకపోతే ఆ తేడాను ప్రతి నెలా విడి ఖాతాలో వేసుకోవాలి.

ఇలాంటి కాలనీల్లో మరో పన్ను మడ్ అనే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్‌ది. నీళ్లు, మురుగు కాలువలు వేయడానికి చేసిన బాండ్ల అప్పును ఇళ్ల యజమానులు అదనపు పన్నుగా తీరుస్తారు. ఆ సంగతి కొనేవారికి ముందే రాతపూర్వకంగా తెలపాలని టెక్సస్ చట్టం చెబుతుంది. అయితే సంతకాల కట్టలో ఆ కాగితాన్ని చదివేవాళ్లు తక్కువ. కాలిఫోర్నియాలో ఇదే పాత్ర మెల్లో–రూస్ పన్నుది.

వడ్డీ, బీమా

ఇళ్ల రుణాలను కొనే సంస్థ ఫ్రెడ్డీ మ్యాక్ లెక్కల ప్రకారం 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు సగటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగి, 2023 అక్టోబరులో 7.79 శాతానికి చేరింది. 6 లక్షల అప్పు మీద 3 శాతానికి నెల వాయిదా 2,530 డాలర్లు, 6.5 శాతానికి 3,792. పాత రేటు ఉన్నవాళ్లు ఇల్లు మారితే ఆ 1,260 డాలర్లు ప్రతి నెలా వదులుకోవాలి, అందుకే కదలడం లేదు. శివార్లలో పాత ఇళ్లు అమ్మకానికి తక్కువగా వచ్చి, కొత్తవాళ్లు ఊరి చివరి కొత్త కాలనీల వైపు వెళ్లడానికి ఇదీ ఒక కారణం.

బీమాలో చూడాల్సింది ప్రీమియం కన్నా డిడక్టిబుల్, అంటే కంపెనీ చెల్లించే ముందు మనం భరించాల్సిన మొత్తం. ఉత్తర టెక్సస్‌లో వడగళ్లకు రూఫ్ దెబ్బతినడం మామూలు. గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్‌ను చాలా పాలసీల్లో డాలర్లలో కాకుండా ఇంటి కవరేజీలో శాతంగా రాస్తారు. 6 లక్షల కవరేజీ మీద 2 శాతం అంటే మొదటి 12,000 డాలర్లు చేతి నుంచే. రూఫ్‌కు తరుగు తీసేసి ఇస్తారా, కొత్తదానికి అయ్యే ఖర్చు ఇస్తారా అన్నది కూడా పాలసీలోనే ఉంటుంది. పదిహేనేళ్ల రూఫ్‌కు ఈ రెండింటి మధ్య తేడా వేల డాలర్లు.

డేకేర్, కారు

శిశువుల డేకేర్ ఫీజు ఎందుకంత ఎక్కువో నిబంధనలోనే కనిపిస్తుంది. టెక్సస్‌లో ఏడాది లోపు పిల్లలు నలుగురికి ఒక ఆయా ఉండాలి. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, వారానికి ఐదు రోజులు అంటే 55 గంటలు. గంటకు 18 డాలర్లు ఇచ్చినా వారానికి 990, నలుగురికి పంచితే ఒక్కో పిల్లకు నెలకు 1,070 పైనే. ఇందులో అద్దె, బీమా, పేరోల్ పన్నులు, తిండి ఏవీ లేవు. ఆ జీతంతో ఆయా ఆ ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోలేదు, దూరం నుంచి రావాలి. దగ్గర్లో అదే జీతానికి వేరే పని దొరికితే మానేస్తుంది. ఆపాలంటే జీతం పెంచాలి, పెంచింది ఫీజులో చేరుతుంది. ప్లంబరు దగ్గర నుంచి ట్యూటరు దాకా అందరి రేట్లూ ఇలాగే నడుస్తాయి.

కారు సంగతి జోనింగ్‌తో ముడిపడింది. ఇళ్లు ఒకవైపు, దుకాణాలు ఒకవైపు, ఆఫీసులు ఇంకోవైపు ఉంటే ప్రతి పనికీ తాళం తీయాల్సిందే. ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వ్యాపార ప్రయాణాలకు 2025లో పెట్టిన రేటు మైలుకు 70 సెంట్లు. ఇంధనం, తరుగు, బీమా, మరమ్మతులు అన్నీ కలిసిన అంచనా అది. రోజుకు 40 మైళ్ల చొప్పున ఏడాదికి 230 రోజులు ఆఫీసుకు వెళ్తే 6,440 డాలర్లు, అదీ ఒక్క కారుకే. ఫ్రిస్కో పక్కనున్న ప్లేనో తన సేల్స్ ట్యాక్స్‌లో డాలరుకు ఒక సెంటును డార్ట్ రవాణా సంస్థకు ఇస్తూ వచ్చింది. ఫ్రిస్కో డార్ట్‌లో చేరలేదు, తన సెంటును కంపెనీలను రప్పించడానికీ, ఊరి వసతులకూ వాడుకుంది. రెండు చోట్లా కొట్లో కట్టే సేల్స్ ట్యాక్స్ 8.25 శాతమే.

ఈ ధరలు ఊరిని ఎటు తీసుకెళ్తాయి

ఇంటి ధర పెరిగే కొద్దీ చిన్న పిల్లలున్న కుటుంబాలు ఆ ఊరికి రాలేవు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా తల్లిదండ్రులు ఇల్లు అమ్మరు. బడి పేరు చూసి పెరిగిన ధరే బడిని ఖాళీ చేస్తుంది. ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ విద్యార్థులు తగ్గడంతో 2024లో నాలుగు బడుల మూసివేతకు నిర్ణయం తీసుకుంది. బడి మూతపడితే హద్దులు మారతాయి, ఆ హద్దును చూసి ఎక్కువ పెట్టి కొన్నవారి లెక్కా మారుతుంది.

రాష్ట్రాలు జోనింగ్‌లో జోక్యం చేసుకోవడం మొదలైంది. మసాచుసెట్స్ 2021 చట్టం బోస్టన్ రవాణా పరిధిలోని 177 ఊళ్లు అపార్ట్‌మెంట్లకు కొంత స్థలం కేటాయించాలంటోంది. బోస్టన్ పక్కనున్న మిల్టన్ ఓటర్లు 2024 ఫిబ్రవరిలో ఆ ప్రణాళికను తిప్పికొట్టారు. చట్టం చెల్లుతుందని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2025 జనవరిలో తేల్చింది. న్యూజెర్సీలో మౌంట్ లారెల్ బాధ్యతల నాలుగో విడత 2025 నుంచి 2035 వరకు నడుస్తుంది. ఇవి స్థలం కేటాయించమని చెప్పేవే, కట్టేది బిల్డర్లు. వడ్డీ, నిర్మాణ ఖర్చు ఇలాగే ఉంటే వచ్చే నాలుగైదేళ్లలో ధరల మీద వీటి ప్రభావం కొద్దిగానే ఉండవచ్చు.

ఆఫర్ పెట్టే ముందు, పెట్టాక

కౌంటీ వెబ్‌సైట్‌లో ఇంటి చిరునామా కొడితే పన్ను వేసే సంస్థలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. అమ్మే వ్యక్తి కట్టిన పన్ను మొత్తాన్ని నమ్ముకోకూడదు. అందులో వయసును బట్టి వచ్చిన మినహాయింపో, టెక్సస్‌లో పన్ను వేసే విలువకు ఉన్న ఏటా 10 శాతం పెరుగుదల పరిమితి వల్ల తగ్గిన విలువో ఉండవచ్చు. కొత్త యజమానికి ఆ పరిమితి మొదటి ఏడాది వర్తించదు. రేట్లు తీసుకుని కొనే ధరతో గుణించి చూడాలి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే రిజర్వు నిధి ఎంతుందో అడగాలి. అది ఖాళీగా ఉంటే చెరువు గట్టు మరమ్మతో, ఈతకొలను పనో స్పెషల్ అసెస్‌మెంట్ (అదనపు వసూలు) రూపంలో మీద పడుతుంది.

టెక్సస్‌లో అప్రైజల్ (పన్ను కోసం కట్టిన ఇంటి విలువ) నోటీసు వచ్చాక మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే ఆ తేదీలోగా ప్రొటెస్ట్ (అభ్యంతరం) వేయవచ్చు. ఆ రాష్ట్రంలో ఇంటి అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న నియమం లేదు. కొన్న ధర అప్రైజల్ కన్నా తక్కువైతే క్లోజింగ్ స్టేట్‌మెంట్ బలమైన ఆధారం. ఎక్కువైతే దాన్ని తీసుకెళ్లి చూపించడం అనవసరం. అప్పుడు అదే కాలనీలోని, అంతే విస్తీర్ణం, అదే వయసున్న ఇళ్లకు అప్రైజల్ డిస్ట్రిక్ట్ వేసిన విలువలు తీసి, చదరపు అడుగుకు ఎంత పడిందో పట్టిక వేసుకుని ‘అన్‌ఈక్వల్ అప్రైజల్’ (ఇతర ఇళ్లతో పోలిస్తే అసమాన విలువ) కింద వాదించవచ్చు. పునాది పగుళ్లు, పాత రూఫ్ ఫొటోలకు మరమ్మతు అంచనా కాగితం జతచేస్తేనే విలువ. వట్టి ఫొటోలను ప్రొటెస్ట్ వినే బోర్డు సాధారణంగా పట్టించుకోదు.